‘కనబడుటలేదు’: తప్పిపోయిన యువత కథనాల్లో అనుమానం, అన్వేషణ

వ్యాససంగ్రహం:
రాత్రి ఇంటికి చేరవలసిన యువతీ యువకులు చేరనప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాటకు ముందే ఇంట్లో, వాడలో, ఠాణాలో ఒక కథ అల్లుకుంటుంది. ఎవరిని ఎంత త్వరగా వెతకాలో చాలాసార్లు ఆ కథే నిర్ణయిస్తుంది. తెలుగులో తప్పిపోవడాన్ని సూచించే మాటలను, రామాయణంలోని సీతాన్వేషణను, బాలనాగమ్మ కథను, చలం ‘మైదానం’ నవలను, ‘హిట్: ద ఫస్ట్ కేస్’ చలనచిత్రాన్ని హాజీపూర్, శంషాబాద్, భువనగిరి ఘటనల పక్కన ఉంచి, ఆ కథ ఏ దశలో పుడుతుందో, ఏం చేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కనబడుటలేదు, లేచిపోవు, అన్వేషణ, అనుమానం, రామాయణం, బాలనాగమ్మ, హాజీపూర్, పాలమూరు, నల్లగొండ.

1. ప్రవేశిక:

అచ్చంపేట నల్లమలకు వాకిలి వంటి పట్టణం. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఉమామహేశ్వరం దీనికి చేరువలోనే ఉంది. మన్ననూరు దాటితే అంతా అడవే. చుట్టుపక్కల పల్లెలు, తండాల పిల్లలు చదువుకోసం ఇక్కడికి వస్తారు. ఆపై చదువుకో, పనికో హైదరాబాదు బస్సెక్కుతారు. సాయంత్రం రావలసిన బస్సు వచ్చి, అందులోంచి దిగవలసిన మనిషి దిగకపోతే ఏమవుతుందన్నది ఇటువంటి ఊళ్ళలో ప్రతి ఇంటికీ తెలిసిన భయం.

ఈ ప్రాంతం ఇటీవల మరొక రకం వెతుకులాటను కూడా చూసింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. సైన్యం, నౌకాదళం, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, సింగరేణి సిబ్బంది, కేరళ నుంచి తెచ్చిన జాగిలాలు వారాల తరబడి గాలించినా దొరికినవి రెండు మృతదేహాలే. ఫలితం ఎంత విషాదకరమైనా వెతకడానికి మాత్రం ఎవరూ వెనుకాడలేదు. లోపలున్నవారు ఎటువంటివారు, అక్కడికి ఎందుకు వెళ్ళారు అని ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ రాలేదు. ఎందుకంటే వారు ఎక్కడున్నారో, ఎందుకు రాలేకపోతున్నారో అందరికీ ముందే తెలుసు.

ఒక యువతి రాత్రి ఇంటికి రానప్పుడు ఈ రెండూ తెలియవు. ఆ ఖాళీని ఏదో ఒక కథ నింపుతుంది. సాహిత్య విద్యార్థికి ఇక్కడ పని ఉంది. ఆ కథ ఎక్కడినుంచి వస్తుంది? మన మాటల్లోనే ఉందా? మన పురాణ, జానపద కథలు దానికి ఊతమిచ్చాయా, లేక ఎదురు నిలిచాయా?

2. మాటలు:

జాతరలో చెయ్యి వదిలిన పసిబిడ్డ ‘తప్పిపోతాడు’. ఈ క్రియలో దారి తప్పడమే తప్ప బిడ్డ తప్పు లేదు. మైకులో పేరు చదువుతారు, ఎవరో ఎత్తుకొని తెస్తారు. అదే మనిషి పెద్దయ్యాక పత్రికలో, బస్టాండు గోడమీద ‘కనబడుటలేదు’ అని కనిపిస్తాడు. నిత్యవ్యవహారంలో ఎవరూ వాడని ఈ గ్రాంథిక రూపం ప్రకటనల భాషలో మాత్రం స్థిరపడిపోయింది. ఎత్తు, ఛాయ, పుట్టుమచ్చ, ఇంటినుంచి వెళ్ళినప్పుడు వేసుకున్న దుస్తుల రంగు, ఆచూకీ తెలిపేందుకు ఫోను నంబరు అన్నవే ఆ ప్రకటనలో ఉంటాయి. మనిషి నడవడి గురించి ఒక్క మాట ఉండదు. వెతకడానికి అవసరమైనవేవో ఆ ప్రకటన రాసే గుమస్తాకు తెలుసు.

వాడుక భాష ఇంత నిగ్రహం పాటించదు. పదిహేను పదహారేళ్ళ ఆడపిల్ల ఇంటికి రాకపోతే ‘లేచిపోయింది’ అంటారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో అది ‘లేసిపోయింది’. అబ్బాయి రాకపోతే ‘ఎటో పోయిండు, వాడే వస్తడు’ అంటారు. రెండూ వెతుకులాటను ఆలస్యం చేసేవే. మొదటిది పరువుకు భయపడి, రెండోది నిబ్బరంతో. ‘లేచిపోవు’ అన్న క్రియలో కర్త ఇష్టం ఇమిడి ఉంది. ఎత్తుకుపోయారేమో, ప్రమాదం జరిగిందేమో, బండి చెడి ఎక్కడో చీకట్లో నిలబడి ఉందేమో అన్న ఊహలను ఆ ఒక్క క్రియ మూసేస్తుంది. పైగా అది ఏకవచన క్రియ అయినా అందులో కనిపించని రెండో మనిషి ఉంటాడు. ఎవరితో అన్నదే తరువాతి ప్రశ్న. ఎక్కడ అన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

తెలంగాణ పలుకుబడిలో వెతకడానికి ‘దేవులాడు’ అన్న అందమైన మాట ఉంది. పోయిన వస్తువును చేతులతో తడుముతూ, మూలమూలలా చూస్తూ వెతకడం అన్న ధ్వని అందులో వినిపిస్తుంది. ఊరంతా దేవులాడినారంటే చెలకలు, బావులు, వాగులు అన్నీ చూశారని అర్థం. ‘లేసిపోయింది’ అన్న ఇంట్లో ఆ దేవులాట జరగదు.

3. రామాయణం: అనుమానం ఆలస్యంగా వచ్చిన కథ:

తెలుగువారికి అన్వేషణ అనగానే సుందరకాండ గుర్తుకొస్తుంది. పారాయణ గ్రంథంగా ప్రసిద్ధమైన ఈ కాండను, దానికి ముందున్న అరణ్య, కిష్కింధ కాండలను కలిపి ఒక వెతుకులాట వృత్తాంతంగా చదివితే కొన్ని విశేషాలు తేటపడతాయి.

పర్ణశాల ఖాళీగా కనిపించినప్పుడు వాల్మీకి రాముడు వరుసగా కొన్ని ఊహలు చేస్తాడు. ఎవరైనా అపహరించారా, మరణించిందా, దారితప్పిందా, రాక్షసులు తిన్నారా, ఆటకు దాక్కుందా, పూలకో పండ్లకో వెళ్ళిందా, నీళ్ళకోసం నదికి వెళ్ళిందా? నేటి దర్యాప్తు అధికారి కూడా రాసుకోదగిన జాబితా ఇది. ఈ జాబితాలో ‘తానే వెళ్ళిపోయింది’ అన్న ఊహ లేదు. లక్ష్మణుణ్ణి ఒంటరిగా వదిలి వచ్చినందుకు నిందిస్తాడు, చెట్లను అడుగుతాడు, దుఃఖంతో ఉన్మత్తుడవుతాడు. సీతను మాత్రం అనుమానించడు.

తరువాతి ఘట్టం ఇంకా ఆసక్తికరం. నెత్తుటి మడుగులో ఉన్న జటాయువును చూసి, సీతను తిన్నది ఇతడేనని రాముడు మొదట పొరబడతాడు. చివరిసారి ఆమెను చూసినవాడు, ఆమెకోసం పోరాడినవాడు మొదటి అనుమానితుడవుతాడు. ఆ అనుమానం వీగిపోయాకే మొదటి ఆధారం, అంటే రావణుడి పేరు, అతడు వెళ్ళిన దిక్కు దొరుకుతాయి. కిష్కింధలో సీత జారవిడిచిన నగల మూట రెండో ఆధారం. సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ బృందాలను పంపి నెల గడువు పెట్టడం వెతుకులాటను వ్యవస్థగా మార్చడమే. గడువు దాటిన దక్షిణ బృందం ప్రాయోపవేశానికి సిద్ధపడిన చోట సంపాతి మాట కలిసి వస్తుంది.

లంకలో హనుమంతుడు మండోదరిని చూసి సీత అనుకొని క్షణకాలం సంబరపడతాడు. వెంటనే రాముడికి దూరమైన సీత ఇలా నిద్రపోదు, మధువు తాగదు అని తర్కించి ముందుకు సాగుతాడు. వెతికేవాడికి వెతకబడే మనిషి గురించిన ఎరుక ఇక్కడ దారి చూపింది. అయితే ఈ ఎరుకకు మరో పార్శ్వం ఉందని గమనించాలి. సీత పరమపవిత్ర అన్న నిశ్చయంమీద ఈ అన్వేషణ అంతా నడుస్తోంది. ఆ నిశ్చయం లేని ఆడమనిషి కోసం సముద్రం దాటేవారెవరు? రామాయణం ఈ ప్రశ్న వేయలేదు. కానీ యుద్ధకాండ చివర, సీత దొరికిన తరువాత, అనుమానం నిండు సభలోకి వస్తుంది. ఉత్తరకాండలో లోకాపవాదంగా తిరిగి వస్తుంది. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మొదలుకొని ఓల్గా ‘విముక్త’ వరకు ఆధునిక స్త్రీవాద పఠనాలు నిలదీసింది ఈ చివరి ఘట్టాలనే. ఆ నిలదీత న్యాయమైనదే. నా దృష్టిని ఆకర్షించింది దాని క్రమం. ఇతిహాసంలో ముందు వెతికారు, తరువాత అనుమానించారు. మన కాలం ఈ క్రమాన్ని తిరగేసింది.

4. బాలనాగమ్మ: గుర్తుపట్టలేని రూపం:

బాలనాగమ్మ కథ తెలుగు నేలంతటా జానపద గాయకుల నోట ప్రచారంలో ఉన్నది. 1942లో జెమినీ సంస్థ నిర్మించిన చలనచిత్రంతో అది పట్టణ ప్రేక్షకులకూ చేరింది. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించిన చిత్రమది. ఇల్లాలు గడపలో ఉండగా బిచ్చగాడి వేషంలో మాయలవాడు రావడం సీతాపహరణాన్ని గుర్తుచేస్తుంది. కానీ ఇక్కడ జానపద కల్పన ఒక అడుగు ముందుకేసింది. మాయలవాడు ఆమెను కుక్కగా మార్చి తీసుకుపోతాడు.

ఈ కల్పనను మాయమంత్రాల విడ్డూరంగా తీసేయడం సరికాదు. పట్టపగలు నలుగురూ చూస్తుండగానే ఆమె వెళుతోంది, కానీ ఎవరూ ఆమెను చూడలేదు. కుక్కను చూశారు. సాక్షులుండీ సాక్ష్యం లేని స్థితి ఇది. నేటి పరిభాషలో చెబితే, చివరిసారి ఎక్కడ కనిపించింది అన్న ప్రశ్నకు జవాబు లేకుండా చేసిన నేరం. వెతకబోయిన భర్త, బలగం రాళ్ళైపోతారు. ఏళ్ళు గడిచాక కొడుకు బాలవర్ధి తల్లిని వెతుకుతూ బయలుదేరి, పూలమ్మే ముసలమ్మ ఇంట చేరి, మాయలవాడి ప్రాణం ఉన్న చిలుకను పట్టి తల్లిని విడిపిస్తాడు. బాలనాగమ్మ కూడా నోము మిషతో తనను కాపాడుకున్నదే కాబట్టి శీలరక్షణ నియమం ఇక్కడా తప్పలేదు. అయినా కొడుకు తల్లిని నువ్వెందుకు వెళ్ళావని అడగడు. రాజులూ సైన్యాలూ చేయలేనిది పూలమ్మే ముసలమ్మ ఇంటి చూరు కింద సాధ్యమవుతుంది. ఈ వివరాన్ని పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

5. హాజీపూర్, శంషాబాద్:

కల్పిత కథలను విడిచి 2019కి వద్దాం. పూర్వపు నల్లగొండ జిల్లాలో భాగమైన నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో, బొమ్మలరామారం మండలం హాజీపూర్ గ్రామానికి చెందిన తొమ్మిదో తరగతి బాలిక ఏప్రిల్ 25న ప్రత్యేక తరగతి ముగించుకొని ఇంటికి చేరలేదు. మరునాడు ఆమె మృతదేహం ఊరి దగ్గరి పాడుబడ్డ బావిలో బయటపడింది. ఊరు అక్కడితో ఆగలేదు. కొద్దిరోజుల్లోనే మార్చి నెలనుంచి కనిపించకుండా పోయిన ఒక కళాశాల విద్యార్థిని అవశేషాలు అదే బావిలో దొరికాయి. 2015లో కనిపించకుండా పోయిన పదకొండేళ్ళ బాలిక అవశేషాలు సమీపంలోని మరో బావిలో దొరికాయి. నిందితుడు ఆ ఊరివాడే. నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం 2020 ఫిబ్రవరి 6న అతడికి మరణశిక్ష విధించింది.

మార్చిలో పోయిన విద్యార్థిని విషయంలో, ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందన్న అనుమానం, పరువు భయం ఇంటివారిని ఫిర్యాదుకు వెళ్ళనీయలేదని అప్పటి పత్రికలు రాశాయి. ఇక్కడ పోలీసులను మాత్రమే తప్పుపట్టడం సులభం. కానీ ఆ కథ ఠాణాలో పుట్టలేదు. గడపలోపల పుట్టింది. ఇంటివారు దుర్మార్గులు కారు. వారి నోట ఉన్న భాషలో ఆ క్రియ ఒక్కటే సిద్ధంగా ఉంది. ఆమె దొరకవలసిన బావిలో మరో బాలిక దొరికేదాకా ఆ క్రియ మారలేదు.

నా వాదాన్ని ఈ ఘటనే కొంత ఇరుకున పెడుతుందని ఒప్పుకోవాలి. పదకొండేళ్ళ బాలికను ఎవరూ ‘లేచిపోయింది’ అని ఉండరు. ఆమె అచ్చంగా ‘తప్పిపోయిన’ పిల్లే. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదులన్నింటినీ అపహరణ లేదా అక్రమ రవాణా అనే ప్రాథమిక భావనతో నమోదు చేయాలని సర్వోన్నత న్యాయస్థానం 2013 మే నెలలోనే ‘బచ్‌పన్ బచావో ఆందోళన్’ వ్యాజ్యంలో ఆదేశించింది. అయినా ఆ పిల్ల నాలుగేళ్ళు దొరకలేదు. కాబట్టి కథ ఒక్కటే కారణం కాదు. పేదరికం, దూరం, రవాణా లేకపోవడం, ఫిర్యాదును వెంటాడే ఓపిక కూలిబతుకులకు దక్కకపోవడం కూడా కారణాలే. కథ వీటన్నింటికీ తోడై, వీటిని కనబడనీయకుండా కప్పుతుంది.

అదే ఏడాది నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద ఒక యువ పశువైద్యురాలు తన బండి దగ్గర నిలబడి చెల్లెలికి ఫోను చేసింది. ఆపై ఫోను పలకలేదు. కుటుంబం ఆ రాత్రే ఠాణాకు వెళితే అది తమ పరిధి కాదని మరో ఠాణాకు పంపారు. ఎవరితోనైనా వెళ్ళిందేమో అన్న ధోరణిలో మాట్లాడారని కుటుంబం ఆరోపించింది. మరునాడు ఉదయం షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన మృతదేహం దొరికింది. విధి నిర్వహణలో జాప్యానికి ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు. ప్రజలు ఆమెను ‘దిశ’గా గుర్తుంచుకున్నారు. వెంటనే కదిలి ఉంటే ప్రాణం దక్కేదా అన్నది ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. అయితే ‘పరిధి’ అన్న మాట, ‘ఎవరితో’ అన్న మాట ఒకే రాత్రి ఒకే కుటుంబానికి ఎదురుకావడం యాదృచ్ఛికం అనుకోను. రెండూ వెతకనక్కరలేదని చెప్పే పద్ధతులే.

డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నలుగురూ పాలమూరు పల్లెలవారే. సర్వోన్నత న్యాయస్థానం నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బహిరంగమైంది. పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథనాన్ని అది నమ్మలేదు. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చి, పదిమంది పోలీసులపై విచారణ జరపాలని సూచించింది. విమర్శకుడి దృష్టితో చూస్తే ఆ ఎన్‌కౌంటర్ కథకు దొరికిన నాటకీయమైన ముగింపు. పూలు చల్లిన జనం ఆ ముగింపు దగ్గరే ఆగిపోయారు. తొలి రాత్రి ఠాణా గుమ్మం దగ్గర కుటుంబం ఎంతసేపు నిలబడిందన్న ప్రశ్న ఆ పూల కింద పడిపోయింది. ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వవచ్చన్న ‘జీరో ఎఫ్‌ఐఆర్’ గురించి ఆ రోజుల్లో విస్తృతంగా చర్చ జరిగింది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఇప్పుడు ఠాణా పరిధితో నిమిత్తం లేకుండా సమాచారం ఇచ్చే వీలును చట్టంలోనే పొందుపరిచింది. ‘పరిధి’ సమస్యకు చట్టం జవాబిచ్చింది. ‘ఎవరితో’ అన్న ప్రశ్నకు చట్టం జవాబివ్వగలిగింది కాదు.

6. నిజంగానే వెళ్ళినవారు:

ఇంతవరకు చేసిన వాదంలో ఒక ప్రమాదం ఉంది. ‘ఆమె అటువంటిది కాదు, అందుకే వెతకాలి’ అన్నట్టు వినిపించే ప్రమాదం. అలాగైతే మళ్ళీ శీలమే షరతవుతుంది. నిజంగానే ఇష్టపడి వెళ్ళిన మనిషి మాటేమిటి?

1920ల చివర వచ్చిన చలం ‘మైదానం’ ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్ళిన నవల. వకీలు భార్య రాజేశ్వరి అమీర్‌తో వెళ్ళిపోతుంది. తన కథ తానే చెప్పుకుంటుంది. ఊరివారి నోట నానిన క్రియను, వెళ్ళిన మనిషి వైపునుంచి వినిపించడం ఆ నవల సాధించిన పెద్ద విషయం. దాని స్వేచ్ఛావాదంమీద ఎన్ని తగవులున్నా, వెళ్ళడం ఒక చర్య అనీ, దానికి కర్త ఉంటుందనీ అది నిలబెట్టింది. కానీ చలం ఇచ్చిన కర్తృత్వాన్ని లోకం వేరే పనికి వాడుకుంది. వెళ్ళాలనుకొని వెళ్ళినదానికి, ఎత్తుకుపోబడినదానికి ఒకే మాట వాడి, రెండో మనిషి నోరు నొక్కేసింది.

ఇష్టపడి వెళ్ళినవారికీ వెతకబడే హక్కు ఎందుకుండాలో భువనగిరి చెబుతుంది. 2017లో కులాంతర వివాహం చేసుకొని ముంబైలో ఉన్న ఒక యువ జంటను అమ్మాయి తండ్రి నచ్చజెప్పి రప్పించాడు. మే నెల మొదట్లో భువనగిరి బస్టాండు వరకు వచ్చిన ఆ యువకుడు ఆ రాత్రి తరువాత కనిపించలేదు. రెండు వారాలకు అమ్మాయి పుట్టింట మరణించింది. యువకుడి తల్లిదండ్రులు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. అతడిని మామ చంపించి, పొలంలో కాల్చి, బూడిదను మూసీలో కలిపారని దర్యాప్తులో పోలీసులు వెల్లడించారు. ఇక్కడ ‘లేచిపోయింది’ అన్న కథ అక్షరాలా నిజం. ఆ నిజమే వారి ప్రాణాలమీదికి తెచ్చింది. మనిషిని కోర్టు ముందు నిలబెట్టమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్‌కు కూడా గోడమీది ప్రకటనకున్న గుణమే ఉంది. ఎందుకు వెళ్ళాడని అడగదు, ఎక్కడున్నాడో చెప్పమంటుంది.

దీనికి మరో కొస కూడా ఉంది. మేజరైన యువతి తన ఇష్టంతో వెళితే, ఇంటివారు పెట్టే ‘కనబడుటలేదు’ కేసు ఆమెను తిరిగి లాక్కొచ్చే సాధనం కావచ్చు. వెతకడం అంటే క్షేమంగా ఉందో లేదో తెలుసుకోవడం. ఇంటికి అప్పగించడం వేరే పని. మన కథల్లో ఈ రెండూ కలగలిసిపోయాయి. సీతాన్వేషణ కూడా అప్పగింతతోనే ముగుస్తుంది కదా.

7. ‘హిట్’: వెతికేవాడి కథ:

శైలేష్ కొలను దర్శకత్వంలో 2020 ఫిబ్రవరి 28న విడుదలైన ‘హిట్: ద ఫస్ట్ కేస్’ హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుమీద కారు ఆగిపోయిన ప్రీతి అనే యువతి అదృశ్యంతో మొదలవుతుంది. శంషాబాద్ ఘటన జరిగి అప్పుడే మూడు నెలలు గడిచిన సమయంలో ఆ దృశ్యాన్ని ఏ తెలుగు ప్రేక్షకుడూ కేవలం కల్పనగా చూసి ఉండడు. దారిలో ఆమెను చూసి పలకరించిన పోలీసు అధికారి ఇబ్రహీం తరువాత అనుమానితుడవుతాడు. మురళీశర్మ నటించిన ఈ పాత్ర నాకు జటాయువును గుర్తుచేసింది. చివరిసారి చూసినవాణ్ణే మొదట అనుమానించడం వాల్మీకి నాటి కథనసూత్రం.

చిత్రం సాధించిన మేలు ఒకటుంది. వెతుకులాటను అది పనిగా చూపించింది. ఫోను సంకేతాలు, సీసీ కెమెరాలు, వేలిముద్రలు, పాలిగ్రాఫ్, ఒక్కొక్క సాక్షి చెప్పిన మాటలోని తేడాలు, ఇవన్నీ ఓపికగా పేర్చింది. ‘ఎవరితో’ అన్న ప్రశ్నకు బదులు ‘ఎక్కడ, ఎప్పుడు’ అన్న ప్రశ్నలమీద కథ నడిపింది. తెలుగు వాణిజ్య చిత్రాల్లో ఇది చిన్న విషయం కాదు.

కానీ ప్రీతి మనకు మిగలదు. విశ్వక్‌సేన్ పోషించిన విక్రమ్ రుద్రరాజు మానసిక గాయం, అతడి ప్రేయసి కూడా కనిపించకపోవడం, నేరస్థుడు అతడికి దగ్గరివాడే కావడం కథను వెతికేవాడి వైపు లాక్కుపోతాయి. తప్పిపోయిన మనిషి అతడి గాయాన్ని విప్పే ఆధారంగా మిగులుతుంది. మరో లోపం ఇంకా పెద్దది. ప్రీతి కోసం వెతకాలా వద్దా అన్నది ఈ చిత్రంలో అసలు సమస్యే కాదు. ప్రత్యేక విభాగం ఉంది, అసాధారణమైన అధికారి ఉన్నాడు, ఆయనకు పట్టుదల ఉంది. హాజీపూర్ ఇంటివారు ఎక్కలేని ఠాణా మెట్టు, శంషాబాద్ కుటుంబం అర్ధరాత్రి ఎక్కి దిగిన మెట్టు ఈ చిత్రంలో లేదు. నేర పరిశోధన చిత్రాలు నేరస్థుణ్ణి దాచిపెట్టి ఉత్కంఠ పుట్టిస్తాయి. తెలుగు పల్లెల్లో ఉత్కంఠ అంతకంటే ముందే, ఫిర్యాదు తీసుకుంటారా లేదా అన్న దగ్గర మొదలవుతుంది. ఆ గంటలను కథావస్తువుగా తీసుకున్న రచన నా పఠనంలో ఎదురుకాలేదు. ‘పరిధి కాదు’ అని చెప్పిన బల్లకు ఇవతల నిలబడిన తండ్రి, పక్కన ఫోను చేతిలో పట్టుకున్న చెల్లెలు, ఇంటి దగ్గర ‘లేసిపోయిందట’ అని గుసగుసలాడుతున్న వాడ, ఈ ముగ్గురి మధ్య గడిచే ఒక రాత్రి తెలుగు కథకుల కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.